ముందు వరసలో ఈల

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి మేఘన పై గదిలోంచి దిగి వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుంది. చదివేవాళ్ళకు ఇందులో విశేషం కనపడకపోవచ్చు కానీ సిడ్నీ శివారు కెల్లీవిల్‌లోని మా ఇంట్లో ఇది చెప్పుకోదగ్గ సంగతే. ఉన్నది ముగ్గురం, గదులు ఆరు. అన్నం వడ్డించామని మెసేజ్ పెడితే తప్ప పైవాళ్ళు కిందికి రారు, కిందివాళ్ళు పైకి పోరు. మా ఆవిడ సుజాత వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ఆదివారాలు ఆమెకు డ్యూటీ. నేను టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా, ఫోన్ చూసుకుంటున్నాను. మేఘన తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, తెరమీద ఆపి ఉంచిన బొమ్మను వేలితో చూపించింది.

"నాన్నా, ఈజ్ దిస్ యూ?"

ముందు వరసలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. నోట్లో రెండు వేళ్ళు, ఉబ్బిన బుగ్గలు, జుట్టునిండా చింపిన కాగితం ముక్కలు. ఒంటిమీద వెండి రంగు కోటు ఎవరో ఇచ్చినది. దాని కాలరులోంచి కనపడుతున్న గళ్ళచొక్కా మాత్రం ఒంగోలులో నేను కుట్టించుకున్నది. మీసం సంగతి చెప్పనక్కర్లేదు. నేనేనని ఒప్పుకున్నాను.

"నో వే. మా లెక్చరర్ మేడ్ అస్ వాచ్ దిస్. యూ నెవర్ టోల్డ్ మీ," అంటూ పడీపడీ నవ్వింది. యూనివర్సిటీలో దాని మీడియా క్లాసుకు ఒక వ్యాసం రాయాలట. తెరమీద హింస, ఆ హింసను చూసి ఆనందించే జనం మీద వ్యంగ్యం, అదీ విషయం. అందుకోసం పాతికేళ్ళనాటి ఈ సినిమా చూడమన్నారట. "ద ఆడియెన్స్ ఈజ్ ద రియల్ మాన్‌స్టర్" అని వ్యాసం మొదలుపెట్టేసింది కూడా. అసలు రాక్షసులు ప్రేక్షకులేనట. ఇంతలో ఆ ప్రేక్షకుల్లో సొంత తండ్రి దొరికాడు. "సో హౌ డిడ్ ఇట్ ఫీల్? మనుషులు చచ్చిపోతుంటే చీర్ చేయడం?" అని అడిగింది.

"అది నటనే కదమ్మా. బాగానే ఉండేది," అన్నాను.

ఆ మాటను అలాగే టైప్ చేసుకుని పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి పై గదిలోంచి నా ఈల వినిపించింది. ఆగింది, మళ్ళీ వినిపించింది. ఆ బొమ్మను ముందుకూ వెనక్కూ జరిపి చూస్తున్నట్టుంది. ఆ ఈలకు ముందు ఒక కేక ఉంటుంది. అదీ వినిపించింది. ఆ కేక ఎవరిదో ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

సినిమా పేరు చెప్పను. పెద్దగా ఆడనూ లేదు. కథ రాబోయే కాలంలో జరుగుతుంది. ఒక మహానగరంలో జనానికి ఇళ్ళు చాలవు. ఇల్లు కావాలన్నవాళ్ళు టీవీలో ఒక ఆట ఆడాలి. మెడలో తాళంచెవి వేసుకుని, యంత్రాలు కాపలా కాసే గదుల్లోంచి పరుగెత్తాలి. చివరి తలుపు తీసినవాడికి ఇల్లు సొంతం, మధ్యలో యంత్రానికి దొరికినవాడు చస్తాడు. ఏ తలుపు వెనక ఏ యంత్రం ఉండాలో ఇళ్ళలో కూర్చుని చూసేవాళ్ళు సోఫాకున్న మీట నొక్కి చెబుతారు. ఒకడు చచ్చిన మరుక్షణం మెత్తటి పరుపుల ప్రకటన వస్తుంది. యాంకరమ్మ నవ్వుతూ, మిగిలినవాళ్ళకు అవకాశం పెరిగిందని శుభాకాంక్షలు చెబుతుంది. స్టూడియోలో కూర్చున్న రెండు వందలమంది లేచి కేకలు వేస్తారు. ఈ కథ మాకు మొదట చెప్పినప్పుడు యాదన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. అప్పుడు ప్రతి శనివారం మేం చేస్తున్న పని అదే మరి. అద్దెకిచ్చే ఒక్క యూనిట్, అంటే ఫ్లాట్, చూడటానికి నలభైమంది ఫారాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. ఏజెంటమ్మ అందర్నీ చూసి ఒకేలా నవ్వేది.

యాదన్న అంటే యాదగిరి. జనగామ దగ్గర ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి, ముప్పై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ చదువుకుంటానని సిడ్నీ వచ్చినవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. వెంట్‌వర్త్‌విల్‌లో రైలు పట్టాల పక్కన రెండో అంతస్తులో మా యూనిట్. ఇంటికి పెద్ద అతనే కాబట్టి అతని చాదస్తాలన్నీ ఇంటికి చట్టాలు. పొద్దున్నే బాల్కనీలో దండీలు, బస్కీలు తీసేవాడు. ఎదురింటి ముసలాయన కాఫీకప్పుతో వచ్చి చూసేవాడు. స్నానమయ్యాక చింతపండు నానేసి, పచ్చిమిరపకాయలు సెగమీద కాల్చి పచ్చిపులుసు చేసేవాడు. ఆ కారపు ఘాటుకు మెట్లమీద వెళ్ళేవాళ్ళు దగ్గేవాళ్ళు. ఇక్కడ ప్యాకెట్లో వచ్చే కందిపప్పులో ఒక్క రాయి ఉండదు. అయినా వండేముందు పళ్ళెంలో పోసి ఏరి తీరాల్సిందే. అన్నిటికన్నా పెద్ద చాదస్తం పిలవడం. కింద మెట్ల దగ్గరినుంచే "తమ్మీ" అని కేకేసేవాడు. తువ్వాల కావాలన్నా "తమ్మీ", ఉప్పు సరిపోయిందో లేదో చూడాలన్నా "తమ్మీ". ఊరికే కూడా పిలిచేవాడు. ఏంటన్నా అంటే, ఏం లేదు, ఉన్నవో లేవో సూద్దామని, అనేవాడు.

నేను విసుక్కునేవాణ్ణి. అయితే ఆ రోజుల్లో నన్ను పిలిచే మనిషి ఈ దేశం మొత్తంమీద అతనొక్కడే. యూనిలో నా పేరు పలకలేక తల ఊపి సరిపెట్టేవాళ్ళు. నేను పనిచేసే గోదాములో పెట్టెలమీద నంబర్లు చదవడం తప్ప నోరు తెరిచే పని లేదు. కొన్ని రోజులు సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడితే గొంతు జీరపోయి ఉండేది. ఒంటరితనం అనే పెద్ద మాట అప్పట్లో వాడేవాణ్ణి కాదు. ఒంట్లో బాగాలేదనుకునేవాణ్ణి.

యూని గోడమీద అంటించిన కాగితం చూసి మేమిద్దరం ఆ సినిమాకు వెళ్ళాం. భవిష్యత్తు నగరంలో ప్రేక్షకులు కావాలి, ఏ దేశంవాళ్ళైనా పరవాలేదు అని రాసి ఉంది. తీరా వెళ్తే ఒక పెద్ద షెడ్డు, రెండు వందల కుర్చీలు, మాకందరికీ వెండి రంగు కోట్లు. మొదటిరోజే ఫైట్లు చేయించే ఆయన వచ్చి, దెబ్బ తగలకుండా కిందపడటం ఎవరికైనా వచ్చా అని అడిగాడు. యాదన్న జిల్లాస్థాయి కబడ్డీ ఆడినవాడు. కోటు విప్పి నాకిచ్చి, ఉత్త సిమెంటు నేలమీద పడి, దొర్లి, లేచి నిలబడి, చేతులు దులుపుకున్నాడు. చప్పుడే కాలేదు. ఆయన పకపకా నవ్వి, మెడలో తాళంచెవి వేసి, పోటీదారుల్లో కలిపేశాడు. అలా మేం రెండు పక్షాలమయ్యాం. యాదన్న చచ్చేవాడు, నేను చూసేవాణ్ణి.

మమ్మల్ని అరవమని చెప్పే బాధ్యత జెన్ అనే అమ్మాయిది. ఎర్రజుట్టు, చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. ఒకడు యంత్రానికి చిక్కగానే ఆమె చెయ్యెత్తేది, మేం అరవాలి. మా ప్రేక్షకులేమో బడిలో బహుమతులిచ్చేటప్పుడు కొట్టినట్టు మర్యాదగా చప్పట్లు కొట్టేవాళ్ళు. "లౌడర్, గైస్, లౌడర్," అని ఆమె గొంతు పోగొట్టుకుంటోంది. మూడోరోజు నాకు ఉండబట్టలేదు. మా ఒంగోలులో కొత్త సినిమా మొదటి ఆట అంటే వారం ముందునుంచీ పాత పేపర్లు చింపి దిండు గలీబుల్లో నింపుకునే జాతి మాది. జేబులో ఉన్న కాగితాలు చించి పైకి ఎగరేసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈలేశాను. షెడ్డు మొత్తం ఆగిపోయింది. పంపించేస్తారనుకున్నాను. జెన్ వచ్చి, ఏమిటది, ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగింది. చెప్పాను. ఆమె డైరెక్టరును పిలుచుకొచ్చింది. ఆయన నా భుజం తట్టి, "గోల్డ్, మేట్" అని మెచ్చుకున్నాడు.

మర్నాటికి కట్టలకొద్దీ పాత పేపర్లొచ్చాయి. నన్ను ముందు వరసకు మార్చారు. రెండు వందలమందికి కాగితాలు ఎలా చింపాలో, ఎప్పుడు ఎగరెయ్యాలో నేను నేర్పించాను. రిటైరైన ఒక పెద్దాయన రెండు వేళ్ళ ఈల కోసం మధ్యాహ్నమంతా తంటాలుపడి, వచ్చాక నన్ను కౌగిలించుకున్నాడు. అటుపక్క పోటీదారుల్లోంచి యాదన్న, "సిడ్నీని మొత్తం ఒంగోలు జేసినవ్ గద తమ్మీ," అని నవ్వాడు. మా ఊళ్ళో హీరో తెరమీదికొస్తే వేసే ఈలను ఇక్కడ మనిషి చస్తే వేయిస్తున్నానన్న స్పృహ నాకు లేదు. ఉన్నదల్లా సంతోషం. ఈ దేశంలో నేను ఒకటి చేస్తే పక్కవాళ్ళు చెయ్యడం అదే మొదలు. జనం మధ్య నిలబడి అంత గట్టిగా అరిచి ఎన్నాళ్ళయిందో.

యాదన్న చావు ఐదోరోజు తీశారు. నిలువెత్తు వేదికమీద తలుపు తెరుచుకుంటుంది, యంత్రం చెయ్యి తోస్తుంది, అతను వెల్లకిలా కింద మందపాటి పరుపుమీద పడాలి. నాలుగుసార్లు పడ్డాడు. పడిన ప్రతిసారీ చప్పుడు లేదు, మూలుగు లేదు. టేకుకీ టేకుకీ మధ్య ఆ పరుపు పక్కకు లాగి, మేం ఎగరేసిన కాగితాలు ఊడ్చి, మళ్ళీ జరిపేవాళ్ళు. ఐదోసారి జెన్ నా దగ్గరకొచ్చి, ఈసారి కెమెరా నీ మొహంమీద ఉంటుంది, కట్ అని వినపడేదాకా ఏం జరిగినా ఆపకు అంది.

యంత్రం తోసింది. యాదన్న పడ్డాడు. సగం పరుపుమీద, సగం నేలమీద. "అవ్వా" అని అరిచాడు. వాళ్ళ ఊళ్ళో అమ్మను అవ్వ అంటారు. రెండు వందలమందిలో ఆ మాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణి. మిగిలినవాళ్ళకు అది ఆ మనిషి మునుపటికంటే బాగా నటించడం, అంతే. నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. నోట్లోంచి వేళ్ళు తీశాను. ఎదురుగా కెమెరా ఉంది. మళ్ళీ పెట్టుకున్నాను. ఈలేశాను. కట్ అనే మాట వచ్చేదాకా, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు, ఈలేస్తూనే ఉన్నాను. నన్ను చూసి మిగతావాళ్ళు ఇంకా గట్టిగా వేశారు.

మోకాలి లోపల నరాలు తెగాయన్నారు. సినిమావాళ్ళు మంచివాళ్ళే, మంచి డాక్టరుకు చూపించారు, పూలు పంపారు. కాగితాలు ఊడ్చిన తొందరలో పరుపు సరిగా జరపలేదని తర్వాత తెలిసింది. ఆ కాగితాలు ఎవరి తెలివో ఎవరూ గుర్తుచెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

కబడ్డీ కాలు అది. ఇంక దండీలు లేవు, బస్కీలు లేవు. ముందు గదిలో పరుపేసుకుని పడుకునేవాడు. ఇల్లంతా నీలగిరి తైలం వాసన. ఆ చెట్లు కిటికీ బయటే బారులుగా ఉండేవి కాబట్టి కిటికీ తీసినా అదే వాసన. ఒకరోజు పొద్దున నేను పళ్ళెంలో కందిపప్పు పోసుకుని అతని చట్టం ప్రకారం ఏరుతున్నాను. కప్పు వైపు చూస్తూ అడిగాడు.

"తమ్మీ, ఆ పొద్దు నా గొంతు నీకు ఇనవడ్డదా?"

"లేదన్నా. ఒకటే గోల. ఏమీ వినపళ్ళేదు," అన్నాను.

పప్పు ఏరుతూనే ఉన్నాను. "సరే తీ" అన్నాడు. లేచి కూర్చుని పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని మిగిలింది తనే ఏరాడు.

అంతే జరిగింది. పోట్లాట లేదు, మాటలు మానేయడం లేదు. పిలవడం ఒక్కటి మానేశాడు. నీళ్ళు కావాలంటే గోడ పట్టుకుని తనే వంటింట్లోకి వచ్చేవాడు. నేను ఎదురెళ్ళి గ్లాసు అందిస్తే తీసుకునేవాడు, థాంక్స్ అనేవాడు. అంతకుముందు యాదన్న నోట థాంక్స్ అనే మాట నేను విననే లేదు. నొప్పివల్ల ముభావంగా ఉన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. ఏడాది తిరక్కముందే పెర్త్‌లో ఉన్న వాళ్ళ మేనబావ రమ్మన్నాడని వెళ్ళిపోయాడు. చదువు సగంలో ఆగింది. రైలు స్టేషన్లో సంచీ నా చేతికివ్వకుండా తనే మోసుకున్నాడు.

సినిమా విడుదలయ్యాక ఒక పనిరోజు మధ్యాహ్నం ఒక్కణ్ణే వెళ్ళి చూశాను. హాల్లో ఏడుగురం, ఒకరికొకరం దూరదూరంగా. ఆ సన్నివేశం వచ్చింది. యాదన్న కేకను తీసెయ్యలేదు, సహజంగా ఉందనుకున్నారేమో. వెంటనే నా మొహం తెరనిండా వచ్చింది. రెండు సెకన్లు. అంత పెద్ద తెరమీద దాచడానికేమీ ఉండదు. కేక వినపడగానే నా కళ్ళు అటు తిరుగుతాయి, వేళ్ళు కిందికి దిగుతాయి, కళ్ళు కెమెరా వైపు వస్తాయి, వేళ్ళు మళ్ళీ నోట్లోకి వెళ్తాయి. వెనక సీట్లో ఎవరో నవ్వారు. వ్యంగ్యం బాగా పండిందన్నమాట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం వండుకోలేదు.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, మేఘన, ఇల్లు అన్నీ వరసగా వచ్చాయి. యాదన్న పెర్త్‌లో బడిపిల్లల బస్సు నడుపుతూ అక్కడే హారిస్‌డేల్‌లో స్థిరపడ్డాడు. ఉగాదికి, దసరాకు ఇద్దరం ఫోన్లో పూలబొమ్మలు పంపించుకుంటాం. ఆ సినిమా ఊహించినవి చాలామటుకు నిజమయ్యాయి. ఇళ్ళ కోసం వరసలు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఎక్కడో ఒక మనిషి కిందపడితే పట్టుకోవడానికి బదులు ఫోన్లు లేస్తున్నాయి, కింద పరుపుల ప్రకటన కూడా వస్తోంది. ఒక్కటి మాత్రం వాళ్ళు తప్పుగా ఊహించారు. జనం ఒకచోట చేరి, కాగితాలు ఎగరేసుకుంటూ, కలిసి చూస్తారనుకున్నారు. నేను ఈ సోఫాలో, సుజాత ఆశ్రమంలో టీ విరామంలో, మేఘన పై గదిలో, ఎవరి తెర వాళ్ళం చూసుకుంటున్నాం. ఈలేసేవాడు లేడు సరే, పిలిచేవాడూ లేడు.

ఆ ఆదివారం పైనుంచి నా ఈల నాలుగోసారి వినిపించాక మెట్లెక్కాను. నేను వెళ్ళి మేఘన తలుపు కొట్టడం కొత్త, అందుకే కంగారుపడి తీసింది. మంచం అంచున కూర్చుని, "బాగానే ఉండేది అన్నానే, అది కొట్టెయ్యమ్మా," అన్నాను. అంతా చెప్పాను. తెరమీద పడిన మనిషి నటించడం లేదని చెప్పాను. అవ్వా అంటే ఏమిటో చెప్పాను. పప్పు ఏరుతూ ఆడిన అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం దాని వైపు చూడలేకపోయాను. మేఘన ల్యాప్‌టాప్ మూసేసింది. "డజ్ హీ నో? నీకు వినపడిందని?" అని అడిగింది. దాని నోట ఆ సగం తెలుగు మాట వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది.

కిందికొచ్చేసరికి ఇక్కడ చీకటిపడింది. యాదన్నకు ఫోన్ చేశాను. పెర్త్‌లో ఇంకా ఎండ ఉండే సమయం. వెనకాల పిల్లల గోల వినపడుతోంది.

"ఏంది తమ్మీ, ఇయ్యాల పండగ గూడ గాదు?"

"మా అమ్మాయి ఆ సినిమా చూసిందన్నా. క్లాసులో చూడమన్నారంట."

"ఆఁ."

"అన్నా, ఆ రోజు నువ్వు అరిచింది నాకు వినపడింది. వినపడ్డా ఈలేశాను. నువ్వు అడిగితే లేదని చెప్పాను."

పిల్లల గోల దూరమైంది. పక్కగదిలోకి నడిచినట్టున్నాడు. నడకలో కాలు ఈడ్చే చప్పుడు ఫోన్లో తెలిసింది.

"ఎరికే," అన్నాడు.

"ఎట్లా?"

"సినిమాల కనవడ్తది గద. నీ కండ్లు నా దిక్కు తిరుగుతయి. అది వచ్చిన వారమే కర్ర వట్టుకొని పోయి సూసిన. మూడు సార్లు సూసిన."

మేమిద్దరం ఒకే సినిమాను, వేరువేరు ఊళ్ళలో, వేరువేరుగా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూశామన్నమాట. అతనికి తెలిసే ఇన్నేళ్ళూ పూలబొమ్మలు పంపాడు. "మరి ఇన్నేళ్ళలో నన్ను ఎప్పుడూ అడగలేదేంటన్నా," అన్నాను.

యాదన్న గొంతులో కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయింది.

"అడిగిన గద తమ్మీ," అన్నాడు. "ఒక్కసారి అడిగిన."